రష్యా పియానోకు మైసూరు అండ

మైసూరు ఆఖరి మహారాజు జయచామరాజ ఒడయార్ 1919 జూలై 18న జన్మించారు. చిన్నతనం నుంచి ఆయనకు పియానో అంటే ప్రాణం. కచేరీలు చేసే కళాకారుడు కావాలని కలలు కన్నారు. కాని 1940లో తండ్రి, పెదనాన్న కొద్ది నెలల తేడాతో మరణించడంతో 21 ఏళ్లకే రాజ్యభారం మీద పడింది. ఆ కల అక్కడితో ఆగిపోయింది.

తన కల తీరకపోయినా మరొకరి సంగీతాన్ని ఆయన బతికించారు. నికొలాయ్ మెట్నర్ 1880లో మాస్కోలో పుట్టిన స్వరకర్త. పియానోకు 14 సొనాటాలు, కథలు చెప్పినట్లుండే చిన్న రచనలు ఎన్నో చేశారు. అయినా మిత్రుడు రహ్మానినోవ్‌కు వచ్చినంత పేరు ఆయనకు రాలేదు. 1921లో రష్యా విడిచి, చివరకు లండన్ చేరారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో రాబడి తగ్గింది. గుండెజబ్బు కుంగదీసింది.

ఆ వృద్ధునికి అండగా 1940ల చివరలో మహారాజు లండన్‌లో మెట్నర్ సొసైటీని స్థాపించారు. ఖర్చు తాను భరించి, మెట్నర్ చేతనే వాయింపజేసి రికార్డులు చేయించారు. మూడు పియానో కాన్సర్టోలు ఆయన సొంత వాయిద్యంలో అలా నిలిచిపోయాయి. మెట్నర్ కృతజ్ఞతతో మూడో కాన్సర్టోను మహారాజుకు అంకితమిచ్చారు. 1951లో కన్నుమూశారు.

ఒడయార్ కర్ణాటక సంగీతంలోనూ 94 కృతులు రచించారు. ఆయన ఆస్థాన విద్వాంసులు వాసుదేవాచార్యులు తెలుగులో ఎన్నో కీర్తనలు రాశారు. గవర్నరుగా కూడా పనిచేసిన ఒడయార్ 1974 సెప్టెంబరు 23న పరమపదించారు.

వేణుగోపాలస్వామి కొలువైన మన నెమలికి వేణువు తెలుసు, పియానో కొత్త. మన దగ్గర ఖజానా లేదు. కాని పక్క ట్రంకుపెట్టె తమ్ముడు బాగా పాడితే, పూర్వ విద్యార్థులు తలా కొంత వేసి ఒక హార్మోనియం కొనివ్వలేరా? మనకు అందనిది వాడికి అందితే చాలు.