తొలకరి వాసన, ఎల్లాప్రగడ సుబ్బారావు

ఎండాకాలమంతా కాగిన గిద్దలూరు, మార్కాపురం చేల మీద తొలకరి చినుకు పడగానే ఒక వాసన లేస్తుంది కదా, మన వైపు వాళ్లకి అదంటే ప్రాణం. ఆ వాసనకి ముఖ్య కారణం జియోస్మిన్ అనే పదార్థం. మట్టిలో ఉండే స్ట్రెప్టోమైసిస్ అనే బాక్టీరియా దాన్ని తయారుచేస్తాయి. ఇదే జాతి బాక్టీరియా యాంటీబయాటిక్స్ కూడా తయారుచేస్తాయి. వాటిలో ఒకదాన్ని బయటికి తీసిన పరిశోధనశాలకి పెద్ద మన తెలుగాయనే.

ఎల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టాడు. చదువులో మొదట్లో మెరిసిందేమీ లేదు. డబ్బు సంపాదిద్దామని చిన్నప్పుడే కాశీకి బయల్దేరితే వాళ్లమ్మ మధ్యలోనే పట్టుకొచ్చింది. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసులో పాసయ్యాడు. బ్యాక్‌లాగ్ ఉన్న ఫ్రెండ్స్ ఈ లైన్ ఇంకోసారి చదువుకోండి. (నేను రెండుసార్లు చదివాను.)

మద్రాస్ మెడికల్ కాలేజీలో చేరాక గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టాడు. సర్జరీ ప్రొఫెసర్‌కి అది నచ్చలేదు. చివరికి ఎం.బి.బి.ఎస్. రాలేదు, దానికన్నా చిన్నదైన ఎల్.ఎం.ఎస్. చేతికొచ్చింది. అంతకంటే పెద్ద దెబ్బ ఇంట్లో తగిలింది. స్ప్రూ అనే పేగుల జబ్బుతో కొద్ది రోజుల తేడాలో ఇద్దరు అన్నదమ్ములు పోయారు. డాక్టరు చదువు చదివినవాడు ఇంట్లో ఉన్నా, వెయ్యడానికి మందే లేదు.

1922లో మామగారి సాయంతో, కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయంతో బోస్టన్ వెళ్లాడు. భార్య శేషగిరి అప్పటికి గర్భవతి. పుట్టిన కొడుకు పసితనంలోనే చనిపోయాడు. తండ్రి వాడి ముఖం చూడలేదు. మళ్లీ ఇండియాకీ రాలేదు. గెలిచినవాళ్ల కథల్లో ఈ ముక్క సాధారణంగా పక్కన పెట్టేస్తారు. కానీ ఆ చదువు ఖర్చులో సగం శేషగిరమ్మగారు కట్టిందనే నాకనిపిస్తుంది.

అక్కడ ఆసుపత్రిలో రాత్రుళ్లు పనిచేస్తూ హార్వర్డ్‌లో చదివాడు. ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టాడు (1925). తర్వాత కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ. ఇంత చేసినా హార్వర్డ్‌లో పర్మనెంట్ ఉద్యోగం రాలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్లిపోయాడు.

చివరి ఎనిమిదేళ్లూ ఒక ఎత్తు. ఆయన టీమ్ ఫోలిక్ యాసిడ్‌ని ల్యాబ్‌లో తయారుచేసింది. అన్నదమ్ముల్ని తీసుకుపోయిన స్ప్రూకి అదే మందుగా పనిచేసింది, పాతికేళ్లు లేటుగా. పిల్లల బ్లడ్ క్యాన్సర్ మీద మొదట పనిచేసిన అమినోప్టెరిన్ అక్కడిదే. గోదావరి జిల్లాల్లో ఊరూరా పంచిన బోదకాలు మాత్ర డీఈసీ కూడా అక్కడిదే.

ఇక మన మట్టి సంగతి. రిటైరైన బోటనీ ప్రొఫెసర్ బెంజమిన్ డగ్గర్‌ని డెబ్బై దాటిన వయసులో పనిలో పెట్టుకుని, చోటుచోటు నుంచీ మట్టి తెప్పించి వెతికించారు. మిస్సోరీ యూనివర్సిటీ పొలం నుంచి వచ్చిన మట్టిలో బంగారు రంగు స్ట్రెప్టోమైసిస్ దొరికింది. దాని మందే ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్లలో మొదటిది. 1948లో లోకానికి తెలిసింది. అదే ఏడాది ఆగస్టులో నిద్రలోనే సుబ్బారావు పోయాడు. వయసు 53.

మందు పనిచేస్తుందని ఆయనకి తెలుసు. ఎలా పనిచేస్తుందో, ఆ బాక్టీరియా దాన్ని ఎలా కడుతుందో చూసే అవకాశం రాలేదు. అది తర్వాత క్రిస్టలోగ్రఫీ చూపించింది. ప్రొటీన్‌ని శుద్ధిచేసి, చిన్న చుక్కలో నెమ్మదిగా స్ఫటికంగా పెరగనిస్తారు. దాని మీద ఎక్స్‌రేలు పంపితే చుక్కల ముగ్గు లాంటి బొమ్మ పడుతుంది. ఆ చుక్కల నుంచి లెక్కగట్టి ఏ పరమాణువు ఎక్కడుందో చెబుతారు. మనం తిట్టుకునే ఫోరియర్ ట్రాన్స్‌ఫామ్ పనికొచ్చేది ఇక్కడే.

బాక్టీరియా లోపల ఇలాంటి మందుల తయారీ ఒక అసెంబ్లీ లైన్. ఒక ఎంజైమ్ చిన్న కార్బన్ ముక్కల్ని గొలుసుగా అల్లుతుంది, ఇంకొన్ని దాన్ని మడిచి వలయాలు చేస్తాయి, ఆరియోమైసిన్‌కైతే మరొకటి క్లోరిన్ తగిలిస్తుంది. ఆక్టినోరోడిన్ అనే వేరే యాంటీబయాటిక్‌ని చేసే ఎంజైమ్ నిర్మాణం 2004లో బయటపడింది. లోపల ఒక సొరంగం ఉంది. గొలుసు ఎంత పొడవు పెరగాలో ఆ సొరంగమే తేలుస్తుంది. మన భాషలో చెప్పాలంటే అచ్చు ఎంతో ఇటుక అంత. దానికి ముందే, 2000లో, టెట్రాసైక్లిన్ బాక్టీరియా రైబోజోమ్‌లో ఎక్కడ కూర్చుని ప్రొటీన్ తయారీని ఆపుతుందో కూడా క్రిస్టల్స్‌లోనే చూశారు. ఆ రైబోజోమ్ పనికి వెంకీ రామకృష్ణన్‌తో సహా ముగ్గురికి 2009లో నోబెల్ వచ్చింది.

సుబ్బారావుకి నోబెల్ రాలేదు. మన ప్రభుత్వం 1995లో ఒక స్టాంపు వేసింది. అన్నదమ్ములకి మందు దొరకని మనిషి, ముఖం తెలియని పిల్లలకి మందులు వెతుకుతూ పోయాడు. ఆయన ఆపిన చోట వేరేవాళ్లు ఎత్తుకున్నారు, ఇంకా నడుస్తోంది. ఈసారి గిద్దలూరులో వాన పడితే ఫోన్ జేబులో పెట్టి, ఒక్క నిమిషం ఆ వాసన పీల్చండి. అందులో ఇంకా ఎవరూ వెతకని మందు ఉండొచ్చు.