ఎడారి చేపల నేస్తం – కార్ల్ హబ్స్

ఎడారిలో చేపలు ఉంటాయా? ఈ ప్రశ్న ఎవరైనా అడిగితే మనం నవ్వి ఊరుకుంటాం. కానీ ఉంటాయి. అమెరికా పశ్చిమ భాగాన నెవాడా, యూటా, కాలిఫోర్నియా రాష్ట్రాల మధ్య గ్రేట్ బేసిన్ అనే పెద్ద ఎడారి ప్రాంతం ఉంది. అక్కడి నదులు సముద్రంలో కలవవు. కొండల్లో పుట్టి, కొంతదూరం పారి, ఇసుకలోనో ఉప్పునేలలోనో ఇంకిపోతాయి. అలాంటి నదుల్లోనూ, వాటి పక్క ఊటగుంటల్లోనూ చిన్న చిన్న చేపలు వేల ఏళ్ళుగా బతుకుతున్నాయి. ఆ చేపలను వెదికి, లెక్కపెట్టి, లోకానికి తెలియజేసిన వారిలో ముఖ్యుడు కార్ల్ లీవిట్ హబ్స్.

హబ్స్ 1894 అక్టోబరులో ఆరిజోనాలోని విలియమ్స్ అనే ఊరిలో జన్మించారు. కుటుంబం తరచూ ఊళ్ళు మారుతూ ఉండేది. ఆయన బాల్యంలోనే తల్లిదండ్రులు విడిపోయారు. తల్లి బడి నడిపి కుటుంబాన్ని నెట్టుకొచ్చారు. చిన్నతనంలో హబ్స్‌కు పక్షులంటే ప్రాణం. అయితే జార్జ్ బ్లిస్ కల్వర్ అనే ఒక పెద్దమనిషి ఆయనను చేపల వైపు మళ్ళించారు. లాస్ ఏంజెల్స్ చుట్టుపక్కల వాగుల్లోని చేపలను అప్పటికి ఎవరూ సరిగా పరిశీలించలేదు. నలుగురూ నడిచిన దారి కంటే ఎవరూ తొక్కని దారి మేలని ఆ కుర్రవాడికి తోచింది. ఆ ఒక్క సలహాయే ఆయన జీవితాన్ని మార్చేసింది.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 1916లో బి.ఏ., 1917లో ఎం.ఏ. పూర్తిచేశారు. విద్యార్థిగా ఉండగానే 1915 వేసవిలో యూటా ఎడారి వాగుల్లో చేపలు పట్టడానికి అధ్యాపకుడు స్నైడర్ వెంట వెళ్ళారు. 1918లో లారా క్లార్క్‌ను పెళ్ళి చేసుకున్నారు. ఆమె గణితం చదువుకున్న విదుషి. భర్త తెచ్చిన నమూనాలకు పట్టికలు రాయడం, కొలతలు సరిచూడడం ఆమె చేతిమీదుగానే జరిగేది. ఆరు దశాబ్దాలపాటు ఇద్దరూ కలిసి పనిచేశారు. 1920 నుండి 1944 వరకు హబ్స్ మిషిగన్ విశ్వవిద్యాలయ మ్యూజియంలో చేపల విభాగాన్ని చూశారు.

వేసవి సెలవులు వస్తే చాలు, కారులో గుడారం, వలలు, సీసాలు వేసుకుని ఇంటిల్లిపాదీ ఎడారికి బయలుదేరేవారు. 1934, 1938 సంవత్సరాల ప్రయాణాలు వీటిలో ముఖ్యమైనవి. ఫ్రాన్సెస్, క్లార్క్, ఎర్ల్ అనే ముగ్గురు పిల్లలూ వల లాగేవారే. పట్టిన చేపల రకాలను బట్టి తండ్రి వారికి చిల్లర డబ్బులు ఇచ్చేవారు. కొత్త జాతి దొరికిందంటే బహుమతి పెద్దది! మట్టిరోడ్ల మీద మైళ్ళకొద్దీ వెళ్ళి, ఊట కనబడితే ఆగడం, వల వేయడం, చేపలను ఫార్మలిన్‌లో భద్రపరచడం, స్థలమూ తేదీ రాసి ఉంచడం – ఇదే వారి దినచర్య. తరువాత ప్రయోగశాలలో ఒక్కొక్క చేప పొలుసులనూ, రెక్కల్లోని ముళ్ళనూ లెక్కించేవారు. కార్ల్ లాగ్లర్‌తో కలిసి ఆయన రాసిన పుస్తకంలోని లెక్కింపు పద్ధతిని నేటికీ పలు దేశాల చేపల శాస్త్రవేత్తలు అనుసరిస్తున్నారు.

ఇంత చిన్న చేపలకు ఇంత శ్రమ ఎందుకు? చేప నేల మీద నడవలేదు. మధ్యలో పొడి ఎడారి ఉన్న రెండు లోయల్లో దగ్గరి బంధువులైన చేపలు కనబడితే, ఒకప్పుడు ఆ రెండింటినీ నీరు కలిపి ఉండాలి. మంచుయుగంలో అక్కడ బోనవిల్, లహోంటన్ అనే మహా సరస్సులు ఉండేవి. వాటి పాత ఒడ్డుల గుర్తులు నేటికీ కొండల మీద చారలుగా కనిపిస్తాయి. సరస్సులు ఎండిపోగా, చేపలు ఎక్కడికక్కడ గుంటల్లో చిక్కుకుని, కాలక్రమంలో వేరు వేరు రకాలుగా మారాయి. హబ్స్, ఆయన శిష్యుడూ అల్లుడూ అయిన రాబర్ట్ రష్ మిల్లర్ కలిసి 1948లో ఈ విషయాన్ని వివరంగా ప్రకటించారు. అదే సంవత్సరం నెవాడాలోని సోల్జర్ మెడోస్ వేడి ఊటల్లో దొరికిన చేపకు ఎరెమిక్తిస్ అని పేరు పెట్టారు. గ్రీకు భాషలో ఆ పేరుకు ఎడారి చేప అని అర్థం.

అయితే హబ్స్ కళ్ళముందే ఆ చేపలు అంతరించసాగాయి. పొలాలకు నీళ్ళు తోడడంతో ఊటలు ఎండాయి. సరదాకు గాలం వేసేవారి కోసం బయటి నుండి తెచ్చి వదిలిన పెద్ద చేపలు చిన్నవాటిని తినేశాయి. 1962లో గ్రీన్ నదిలో, ట్రౌట్ చేపలను పెంచడం కోసం, 700 కిలోమీటర్లకు పైగా విషం కలిపి స్థానిక చేపలను చంపారు. మిల్లర్ వంటి శాస్త్రవేత్తలు వద్దన్నా వినలేదు.

హబ్స్ పరిశోధనతోనే సరిపెట్టుకోలేదు. నెవాడాలోని డెవిల్స్ హోల్ అనే రాతి గుంటలో మాత్రమే బతికే పప్‌ఫిష్ కోసం అధికారులను కదిలించారు. ఆ చేప మన చిటికెన వేలంత కూడా ఉండదు. 1952లో అధ్యక్షుడు ట్రూమన్ ఆ గుంటను డెత్ వ్యాలీ రక్షిత ప్రాంతంలో చేర్చారు. తరువాత చుట్టుపక్కల బావులు తోడడంతో నీటిమట్టం పడిపోయింది. వివాదం సుప్రీంకోర్టుకు ఎక్కగా, 1976లో కోర్టు చేప బతకడానికి కావలసిన నీటిమట్టం ఉంచాల్సిందేనని తీర్పు చెప్పింది. 2013లో ఆ చేపలు 35కు తగ్గినా, 2024 వసంతానికి 191కి పెరిగాయి. వాటికి ముప్పు మాత్రం నేటికీ తప్పలేదు.

కాలిఫోర్నియాలోని ఓవెన్స్ లోయ పప్‌ఫిష్ కథ మరీ గొప్పది. అది అంతరించిపోయిందనే అందరూ అనుకున్నారు. 1964లో డెబ్బై ఏళ్ళ వయసుకు చేరువైన హబ్స్, మిల్లర్, మత్స్యశాఖ ఉద్యోగి ఫిల్ పిస్టర్ వెళ్ళి వెదకగా ఫిష్ స్లూ అనే చిత్తడిలో మళ్ళీ దొరికింది. 1969 ఆగస్టులో ఆ గుంట ఎండిపోతుంటే పిస్టర్ మిగిలిన చేపలను రెండు బకెట్లలో మోసుకెళ్ళి వేరే నీటిలో వదిలారు. ఆ క్షణాన ఒక జాతి మొత్తం ఆ రెండు బకెట్లలోనే ఉంది! ఆయన కాలు తడబడితే ఆ జాతి కథ ముగిసేది. అదే ఏడాది ఇలాంటి చేపల రక్షణకు డెసర్ట్ ఫిషెస్ కౌన్సిల్ ఏర్పడింది.

హబ్స్ 1944 నుండి కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ సముద్ర పరిశోధన సంస్థలో పనిచేశారు. తిమింగలాల మీదా పరిశోధన చేశారు. 700కు పైగా రచనలు ప్రకటించారు. 1974లో భార్య లారా, అల్లుడు మిల్లర్‌లతో కలిసి ఎడారి చేపలపై మరో పెద్ద గ్రంథం వెలువరించారు. 1979 జూన్ 30న కన్నుమూశారు. కుమారుడు క్లార్క్ కూడా తండ్రి బాటలోనే చేపల శాస్త్రవేత్త అయ్యారు.

మిత్రులారా! ఓవెన్స్ పప్‌ఫిష్ ఎలా ఉంటుందో, ఎక్కడ ఉండేదో ముందే ఎవరూ రాసిపెట్టి ఉండకపోతే, 1964లో దానిని వెదకడానికే ఎవరూ వెళ్ళేవారు కాదు. బకెట్ల అవసరమే వచ్చేది కాదు. ఏముందో తెలియనిదాన్ని ఎవరూ కాపాడలేరు. హబ్స్ జీవితమంతా చేసింది ఆ తెలుసుకునే పనే. అది ఒక వాగు ఒడ్డున, ఒక కుర్రవాడి కుతూహలంతో మొదలైంది. మన పక్కనే ఉండి, ఎవరూ పట్టించుకోని చిన్న విషయాన్ని శ్రద్ధగా చూడడం కూడా గొప్ప చదువే. దానికి ముందు కావలసింది డబ్బు కాదు. ఓపిక, ఒక నోటు పుస్తకం.