మఱపునకు మూలమును వెదకిన వైద్యుడు

ముదిమిలో మఱపు సహజమని లోకులు తలతురు. కాని కండ్లజోడు ఎచట పెట్టితిమో మఱచుట వేఱు. కన్నబిడ్డ పేరు మఱచుట వేఱు. ఈ రెండవ విధమగు మఱపునకు మెదడునందే కారణము కలదని లోకమునకు చూపినవాడు ఆలోయిస్ అల్జైమర్. ఆయన చరిత్రము బాలబాలికలును, వారి తల్లిదండ్రులును ఎఱుగదగినదని తలచి యిచట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

అల్జైమర్ 1864 జూన్ 14వ తేదీన జర్మనీ దేశమున, బవేరియాలోని మార్క్‌ట్‌బ్రైట్ అను చిన్న పట్టణమున జన్మించెను. తండ్రి నోటరీ. 1887లో వైద్యపట్టమును పొంది, మరుసటి యేడు ఫ్రాంక్‌ఫర్ట్ నగరమందలి మానసిక చికిత్సాలయమున ఉద్యోగియయ్యెను. రోగుల నడిగి తెలిసికొనుట, మరణించినవారి మెదడును సూక్ష్మదర్శినితో పరీక్షించుట, ఈ రెండు పనులను ఆయన సమానశ్రద్ధతో చేసెను. నాడీకణములకు రంగు పట్టించి స్పష్టముగా చూపు పద్ధతిని కనుగొనిన ఫ్రాంజ్ నిస్సల్ అచటనే ఆయనకు మిత్రుడయ్యెను.

1901లో భార్య మరణించెను. ముగ్గురు పసిబిడ్డలు మిగిలిరి. ఆ దుఃఖములోనే, నవంబరు నెలలో, ఆగస్టే డీటర్ అను 51 ఏండ్ల గృహిణి చికిత్సాలయమునకు వచ్చెను. చూపిన వస్తువు పేరు సరిగా చెప్పెడిది. కొంతసేపటికి దానిని చూచిన సంగతియే మఱచెడిది. తన పేరు వ్రాయబూని నడుమ ఆగిపోయెడిది. అల్జైమర్ విసుగు చెందక ఆమె చెప్పిన ప్రతి సమాధానమును స్వహస్తముతో వ్రాసికొనెను.

1903లో ఆయన క్రేపెలిన్ అను ఆచార్యుని వెంట మ్యూనిక్ చేరెను. అయినను ఆ రోగిని మఱువలేదు. 1906 ఏప్రిలులో ఆమె మరణింపగా, ఆమె మెదడును తెప్పించి పరీక్షించెను. మెదడు పైపొర సన్నగిల్లియుండెను. కణముల లోపల చిక్కుపడిన నూలువంటి పోగులును, కణముల నడుమ గడ్డకట్టిన మలినమును కనబడెను. ఆ నవంబరు 3న ట్యూబింగెన్‌లో పండితసభ యెదుట ఈ సంగతి వివరించెను; సభలో చర్చయే జరుగలేదు. 1910లో క్రేపెలిన్ తన గ్రంథమున ఈ వ్యాధికి అల్జైమర్ పేరు పెట్టెను. 1915 డిసెంబరు 19న బ్రెస్లా నగరమున అల్జైమర్ కన్నుమూసెను. అప్పటికాయన వయస్సు 51 ఏండ్లే.

ఆయన మరణానంతరమే మెదడును చూడగలిగెను. నేటి శాస్త్రజ్ఞులు జీవించియున్నవారియందే ఆ గుర్తులను చూచుచున్నారు. నడుమనున్న మలినము అమిలాయిడ్ అనియు, పోగులు టౌ అను ప్రోటీను అనియు తేలినది. 2004లో అమిలాయిడ్‌ను బ్రతికియున్నవారి మెదడు చిత్రములలో చూపిరి. 2025 మే నెలలో, మఱపు లక్షణములు గల 55 ఏండ్లు పైబడినవారికై ఒక రక్తపరీక్షను అమెరికా ప్రభుత్వము అనుమతించినది. మఱపు బయటపడుటకు పదునైదు, ఇరువది యేండ్లు ముందుగానే ఈ మార్పులు ఆరంభమగునని తెలియవచ్చినది.

అయినను భయపడవలదు. ఈ గుర్తులుండియు తుదివఱకు చక్కని జ్ఞాపకశక్తితో జీవించిన వృద్ధులు పెక్కుమంది కలరు. గుర్తు వేఱు, వ్యాధి వేఱు. వ్యాధిని పూర్తిగా మాన్పు మందు ఇంకను లేదు. కాని థైరాయిడ్ లోపము, బి12 విటమిను కొఱత, మనోవ్యాకులత వలన కలుగు మఱపు చికిత్సకు లొంగును. కావున మఱపు ముదిరినచో పెద్దలను వైద్యునికి చూపుట తల్లిదండ్రుల విధి.

విద్యార్థులారా! ఇంట అవ్వ చెప్పిన మాటనే మఱల చెప్పినపుడు నవ్వకుడు, కసరకుడు. అది ఆమె దోషము కాదు. అల్జైమర్ ఆ రోగి మాటలను ఓపికతో వినెను. ఆయన కనుగొనినదంతయు ఆ వినుటతోనే మొదలయినది.