కలర్‌లో ‘యూ’ తీసేసిన మాస్టారు

మీ పాప డిక్టేషన్‌లో కలర్ అనే మాటను ‘యూ’ లేకుండా రాసిందని టీచర్ అర మార్కు తగ్గించారనుకోండి. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో చూస్తే అది పాప రాసిందే కరెక్ట్ అంటుంది. తప్పు టీచర్‌దీ కాదు, కంప్యూటర్‌దీ కాదు. రెండు వందల ఏళ్ల క్రితం అమెరికాలో ఒక బడి మాస్టారు పట్టుబట్టి చేసిన పని ఇది. ఆయన పేరు నోవా వెబ్‌స్టర్. ఇంట్లో డిక్షనరీ ఉంటే ఒకసారి అట్ట చూడండి, ఆ పేరే ఉండొచ్చు.

వెబ్‌స్టర్ 1758లో కనెక్టికట్‌లో ఒక రైతు ఇంట్లో పుట్టారు. కొడుకును యేల్ కాలేజీలో చదివించడానికి తండ్రి పొలం తాకట్టు పెట్టారు. ఫీజు కట్టే రోజు ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు కదా! 1778లో చదువు పూర్తయ్యాక తండ్రి ఎనిమిది డాలర్ల నోటు చేతిలో పెట్టి, ఇక నీ బతుకు నువ్వే చూసుకోమన్నారు. అది యుద్ధకాలం, ఆ నోటుకు విలువ సగానికి పైగా పడిపోయింది. లా చదవాలనుకున్న కుర్రాడు పొట్టకూటికి బడిలో చేరారు.

అక్కడి పిల్లల చేతుల్లో ఉన్నది ఇంగ్లండ్ నుంచి వచ్చిన స్పెల్లింగ్ పుస్తకం. అందులోని ఊళ్ల పేర్లూ ఇంగ్లండ్‌వే. అందుకే 1783లో పాతికేళ్ల వెబ్‌స్టర్ తన సొంత పుస్తకం 5,000 కాపీలు వేయించారు. నీలిరంగు అట్ట ఉండటంతో తర్వాత అందరూ దాన్ని నీలి అట్ట స్పెల్లర్ అనేవారు. దాని మొదటి పేజీలు చూస్తే మన గుణింతమే గుర్తొస్తుంది: ‘బీ’ అక్షరం పక్కన ఒక్కో అచ్చు చేర్చి చదివించడం, తర్వాత ‘సీ’, తర్వాత ‘డీ’. ఆ పైన ఒకే రకం అక్షరాలున్న చిన్న మాటలు నిలువు వరుసల్లో, ఆ తర్వాత రెండు పలుకుల మాటలు, మూడు పలుకులవి. పిల్లవాడు ఒక మాట పట్టుకుంటే వరుసలో మిగిలినవి వాటంతటవే వచ్చేస్తాయి.

కానీ ఆ వరుసల పక్కన అర్థాలు ఉండవు. ఒకేలా పలికి వేరేగా రాసే మాటల దగ్గర మాత్రం చిన్న అర్థం ఇచ్చారు. ‘చూడటం’ అనే సీ, ‘సముద్రం’ అనే సీ ఒకలాగే వినిపిస్తాయి కాబట్టి అక్కడ తప్పలేదు. ముందు అక్షరాలు నోటికి రావాలి, అర్థం తర్వాత అన్నది ఆయన పద్ధతి. మా దృష్టిలో ఆ పుస్తకంలో పెద్ద లోటు ఇదే. ఆయన మిగిలిన జీవితమంతా ఆ లోటు తీర్చడానికే సరిపోయిందా అనిపిస్తుంది.

‘యూ’ సంగతికి వద్దాం. విచిత్రమేమిటంటే, 1783లో ‘యూ’ తీసేసి రాసేవాళ్లను వెబ్‌స్టరే తప్పుపట్టారు. తర్వాత బెంజమిన్ ఫ్రాంక్లిన్ స్నేహంతో మనసు మారింది. వినపడని అక్షరం పిల్లవాడికి ఎందుకు బరువు అని వాదించారు. 1806లో వేసిన చిన్న డిక్షనరీలో కలర్, ఆనర్ లాంటి మాటల చివర ‘ఓ-యూ-ఆర్’ పోయి ‘ఓ-ఆర్’ వచ్చింది. మ్యూజిక్ చివర అప్పట్లో రాసే ‘కే’ కూడా పోయింది. అన్నీ నెగ్గలేదు. విమెన్ అనే మాటను పలికినట్టే రాయాలన్నారు, జనం నవ్వారు.

మన పాఠ్యపుస్తకాల్లో బ్రిటిష్ పద్ధతే నడుస్తుంది కాబట్టి ‘ఓ-యూ-ఆర్’ గుంపును పిల్లలతో ఒకసారి కలిపి చదివించండి. ఆనర్ అంటే గౌరవం, లేబర్ అంటే శ్రమ, రూమర్ అంటే పుకారు, హార్బర్ అంటే ఓడలు ఆగే రేవు, వేపర్ అంటే ఆవిరి, వేలర్ అంటే శౌర్యం, విగర్ అంటే సత్తువ. వీటన్నిటికీ మన దగ్గర ‘యూ’ కావాలి. కానీ హ్యూమరస్, విగరస్, లబోరియస్, ఆనరరీ అన్నప్పుడు బ్రిటిష్ వాళ్లు కూడా ‘యూ’ రాయరు. ఫేవరెట్, ఆనరబుల్, కలర్‌ఫుల్‌లలో మాత్రం ఉంచుతారు. ఎక్కువ మంది పిల్లలు పొరబడేది ఇక్కడే.

ఇక అర్థాల పని. 1807 ప్రాంతంలో పెద్ద డిక్షనరీ మొదలుపెట్టారు. గుండ్రటి బల్ల చుట్టూ రకరకాల భాషల నిఘంటువులు పరిచి, ఒక్కో మాటకు ఒక్కో పుస్తకం దగ్గరికి నడుస్తూ వెతికేవారు. ఇరవైకి పైగా భాషలు చూశారంటారు. మాటల పుట్టుక గురించి ఆయన రాసినవాటిలో చాలా ఊహలు తర్వాత నిలబడలేదు. అర్థాలు మాత్రం నిలబడ్డాయి. స్కంక్, చౌడర్ లాంటి అమెరికా మాటలకూ చోటిచ్చారు. ఎనిమిది మంది పిల్లల సంసారం. స్పెల్లర్ కోట్లలో అమ్ముడైనా ఒక్కో కాపీకి ఆయనకు దక్కింది సెంటు లోపే. న్యూ హేవెన్‌లో ఖర్చు భరించలేక 1812లో ఆమ్హర్స్ట్ అనే చిన్న ఊరికి మారారు.

అమెరికాలో దొరకని పుస్తకాల కోసం 1824లో కొడుకును వెంటబెట్టుకుని పారిస్, అక్కడి నుంచి ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్ వెళ్లారు. 1825 జనవరిలో చివరి మాట రాస్తున్నప్పుడు చెయ్యి వణికి కలం నిలవలేదట. కాసేపు గదిలో అటూ ఇటూ నడిచి తేరుకున్నారు.

1828లో డిక్షనరీ వచ్చేనాటికి ఆయనకు డెబ్భై ఏళ్లు. రెండు సంపుటాలు, 70,000 మాటలు, వెల 20 డాలర్లు. వేసిన 2,500 కాపీలూ నెమ్మదిగానే కదిలాయి. రెండో ముద్రణకు ఇల్లు తాకట్టు పెట్టారు. తండ్రి తన కోసం పొలం పెట్టినట్టే ఆయన మాటల కోసం ఇల్లు పెట్టారు. 1843 మే 28న కన్నుమూసేనాటికి ఆ డబ్బు తిరిగి రాలేదు.

తర్వాత మెరియమ్ అన్నదమ్ములు హక్కులు కొన్నారు. 1847లో ఒకే సంపుటంగా వేసి వెల 6 డాలర్లకు తగ్గించారు, అప్పుడు ఇంటింటికీ చేరింది. ఈనాడు అమెరికా జాతీయ స్పెల్లింగ్ బీ పోటీలో తీర్పు చెప్పేది ఆ వారసత్వపు డిక్షనరీయే. మన తెలుగు కుటుంబాల పిల్లలు గెలిచిన పోటీ అది. వీడియో దొరికితే మీ పిల్లలతో కూర్చుని చూడండి. మైకు ముందు నిలబడిన పిల్లలు అక్షరాలు మొదలుపెట్టేలోపు ఆ మాటకు అర్థం ఏమిటని అడగడం మీకు కనిపిస్తుంది.