బొబ్బరి వైరస్‌కి భీమవరం చిరునామా

ఎల్లాప్రగడ సుబ్బారావు ఎవరని మన క్లాసులో అడిగి చూడండి. ఒకరు టెట్రాసైక్లిన్ అంటారు, ఒకరు ఏటీపీ అంటారు, మిగతావాళ్ళు ఏదో పోటీ పరీక్షలో వచ్చిన బిట్ అంటారు. నాకు మాత్రం ఆయన పక్కదారిలో తగిలారు. సెమినార్ కోసం వైరస్‌లనీ, ప్రోటీన్ గుల్లలనీ మందులు మోసే నానో కణాలుగా వాడటం గురించి చదువుతున్నా. ఏ పేపర్ తీసినా ఫోలిక్ యాసిడ్ అనే మాట. దాన్ని పట్టుకుని వెనక్కి నడుచుకుంటూ పోతే చివరికి మా పక్కూరికే వచ్చి చేరా. మాది మండవల్లి. మా స్టేషన్లో రైలెక్కితే కైకలూరు, ఆకివీడు, ఉండి, ఆ తర్వాత భీమవరం. 1895 జనవరి 12న సుబ్బారావు గారు పుట్టింది ఆ భీమవరంలోనే.

ముందు వైరస్ సంగతి కాస్త చెప్పాలి, లేకపోతే ఆయన కథ ఇక్కడికెందుకొచ్చిందో అర్థం కాదు. వైరస్ అనగానే మనకి కరోనా రోజుల భయం గుర్తొస్తుంది. ఇంజనీరు కళ్ళతో చూస్తే అదొక పెట్టె. బొబ్బర్ల మొక్కకి సోకే మొజాయిక్ వైరస్‌నే తీసుకోండి. రెండు రకాల ప్రోటీన్లు, ఒక్కోటి 60 చొప్పున, ఎవరూ పేర్చకుండానే వాటంతట అవే గుల్లగా పేర్చుకుంటాయి. అడ్డకొలత దాదాపు 30 నానోమీటర్లు. కోట్ల గుల్లలున్నా అన్నీ ఒకటే సైజు. ల్యాబ్‌లో నానో కణాలు చేయబోయి తలపట్టుకున్నవాళ్ళకి ఆ మాట విలువ తెలుస్తుంది. పైగా మొక్క వైరస్ కాబట్టి మనకి జబ్బు చేయదు. 1998లో డగ్లస్, యంగ్ అనే శాస్త్రవేత్తలు ఇంకో రకం బొబ్బరి వైరస్ తీసుకుని, దాని ఖాళీ గుల్ల లోపల ఖనిజం పెరిగేలా చేసి చూపించారు. ఆ గుల్లకి పీహెచ్ మారితే రంధ్రాలు తెరుచుకుంటాయి, మళ్ళీ మారిస్తే మూసుకుంటాయి.

కానీ పెట్టె ఒక్కటీ ఉంటే చాలదు కదా. పార్సిల్ మీద చిరునామా ఉండాలి. ఒంట్లో ఇన్ని లక్షల కోట్ల కణాలుంటే, మందు క్యాన్సర్ కణం గుమ్మంలోకే ఎలా వెళ్తుంది? అలా చిరునామాగా అంటించే అణువుల్లో బాగా వాడుకలో ఉన్నది ఫోలిక్ యాసిడ్. ఇక మనిషి దగ్గరికి వద్దాం.

సుబ్బారావు గారు బుద్ధిగా చదువుకున్న పిల్లాడేం కాదు. పదమూడేళ్ళ వయసులో డబ్బు సంపాదిద్దామని కాశీకి పారిపోబోతే ఇంట్లోవాళ్ళు పట్టుకొచ్చారట. రాజమండ్రిలో చదువు సాగలేదు, ఇంట్లో చావులు, డబ్బు ఇబ్బంది. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గానీ గట్టెక్కలేదు, అదీ మద్రాసు వెళ్ళాక. బ్యాక్‌లాగ్స్ ఉన్న మిత్రులు ఈ వాక్యం ఇంకోసారి చదువుకోవచ్చు. ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్, తర్వాత మద్రాసు మెడికల్ కాలేజీ. అక్కడ గాంధీ గారి పిలుపు విని ఖద్దరు కోటుతో సర్జరీ వార్డుకి వెళ్ళేవారు. అది ఇంగ్లీషు ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కి నచ్చలేదు. రాత పరీక్షలు బాగానే రాసినా చేతికొచ్చింది ఎంబీబీఎస్ కాదు, దానికంటే తక్కువైన ఎల్‌ఎంఎస్. ప్రభుత్వ వైద్య ఉద్యోగం కూడా రాలేదు.

ఇంతకంటే పెద్ద దెబ్బ ఇంట్లో తగిలింది. ఎనిమిది రోజుల తేడాతో ఇద్దరు సోదరులు పోయారు. జబ్బు పేరు స్ప్రూ. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు, రక్తం తగ్గిపోయి మనిషి పుల్లలా అయిపోతాడు. దానికప్పుడు మందు లేదు, కారణం కూడా ఎవరికీ తెలియదు. అదే జబ్బు ఆయనకీ వచ్చింది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బయటపడ్డారు. తర్వాత ఆ లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలోనే అనాటమీ పాఠాలు చెప్పారు. ఈ రోగం సంగతి గుర్తు పెట్టుకోండి, దీనితో మళ్ళీ పని ఉంది.

మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి గారి డబ్బు, కాకినాడ సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయం కలిపి 1920ల మొదట్లో ఓడెక్కి బోస్టన్ చేరారు. భార్య శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు. ఆయన మళ్ళీ ఇండియాకి రానే లేదు. ఈ ముక్క మీద నాకు ఇప్పటికీ సమాధానం దొరకదు. ఆయన గొప్పతనం చెప్పే వ్యాసాలన్నీ ఆవిడ పేరు ఒక్క వాక్యంలో చెప్పి దాటిపోతాయి, నేనూ అంతకంటే ఎక్కువ రాయలేకపోతున్నా.

హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల డిప్లొమా చేశారు. పగలు చదువు, రాత్రిళ్ళు ఆసుపత్రిలో కింది స్థాయి పనులు. తర్వాత సైరస్ ఫిస్కే అనే ఆయన దగ్గర బయోకెమిస్ట్రీలో చేరారు. ఇక్కడ నాకు బాగా నచ్చిన ఘట్టం ఉంది. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలవడానికి ఇద్దరూ కలిసి ఒక పద్ధతి కనిపెట్టారు. ఆమ్లంలో అమ్మోనియం మాలిబ్డేట్ కలిపితే అది ఫాస్ఫేటుతో జతకడుతుంది. దాన్ని క్షయకరణం చేస్తే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత ముదిరితే ఫాస్ఫేటు అంత ఎక్కువ. 1925లో అచ్చయిన ఈ ఫిస్కే-సుబ్బారావు పద్ధతి ఇప్పటికీ ల్యాబుల్లో బతికే ఉంది.

ఇదే పద్ధతిని కండరం రసం మీద ప్రయోగిస్తే రంగు రావాల్సినంత త్వరగా రాలేదు. మెల్లగా, నిమిషాల మీద ముదురుతూ పోయింది. మనమైతే రీడింగ్ తప్పొచ్చిందని సరిచేసి రికార్డులో రాసేస్తాం. వాళ్ళు ఆగారు. ఆమ్లంలో మెల్లగా విడిపోతూ ఫాస్ఫేటుని వదులుతున్న పదార్థం ఏదో అందులో ఉండాలి అనుకున్నారు. అదే ఫాస్ఫోక్రియాటిన్, 1927. లాక్టిక్ ఆమ్లమే కండరాన్ని నడిపిస్తుందన్న అప్పటి సిద్ధాంతాన్ని ఇది కుదిపేసింది. ఆ సిద్ధాంతం వెనకున్న హిల్, మేయర్‌హాఫ్‌లకి అప్పటికే నోబెల్ వచ్చేసింది. 1929లో ఏటీపీని వేరుచేశారు. సరిగ్గా అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దాన్ని పట్టుకున్నాడు. 1930లో సుబ్బారావు గారికి పీహెచ్‌డీ వచ్చింది, హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం మాత్రం రాలేదు.

1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ అనే మందుల కంపెనీలో చేరారు. కొద్ది కాలానికే పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. అక్కడ మొదలైంది ఫోలిక్ యాసిడ్ వేట. దీని కథ మన దేశంలోనే మొదలవుతుంది. బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనత ఈస్ట్‌తో చేసిన మార్మైట్ తింటే తగ్గుతోందని లూసీ విల్స్ అనే డాక్టరమ్మ 1930 ప్రాంతంలో గమనించారు. అందులో ఏముందో తెలియదు. 1941లో టెక్సాస్ వాళ్ళు నాలుగు టన్నుల పాలకూర వడకట్టి ఆ పదార్థాన్ని కొంచెం తీసి, ఆకు అని అర్థం వచ్చే లాటిన్ మాటతో పేరు పెట్టారు. దాన్ని కాలేయం నుంచి శుద్ధి చేసి, నిర్మాణం తేల్చి, గాజు పాత్రల్లో తయారు చేసింది లెడర్లీ బృందం, 1945లో. ఆ పేపర్ మీద రచయితల పేర్లు పెద్ద వరస, సుబ్బారావు పేరు మధ్యలో ఎక్కడో ఉంటుంది.

దాంతో పాటు ఇంకో పని జరిగింది. విటమిన్‌లా కనబడుతూ కణాన్ని మోసం చేసే నకిలీ అణువుల్ని కూడా ఆ బృందం తయారు చేసింది. ఒక్కచోట హైడ్రాక్సిల్ బదులు అమైనో గుంపు పెడితే అమైనోప్టెరిన్. కణం దాన్ని అసలు విటమిన్ అనుకుని తీసుకుంటుంది, లోపల ఎంజైమ్‌ని అది పట్టేసుకుంటుంది, డీఎన్‌ఏ తయారీ ఆగిపోతుంది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దీన్ని లుకేమియా పిల్లలకి ఇచ్చాడు. 16 మందిలో 10 మందికి జబ్బు కొన్నాళ్ళు వెనక్కి తగ్గింది. అంతకు ముందు ఆ జబ్బుకి అలాంటి మాటే లేదు. దాని తమ్ముడు మెథోట్రెక్సేట్‌ని ఇవాళ క్యాన్సర్‌కీ, కీళ్ళవాతానికీ కూడా రాస్తున్నారు.

కొల్లేరు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకి ఆయన ఇంకో రూపంలో బాగా తెలుసు, పేరు తెలియకపోయినా. ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ వచ్చి, ఎదురుగా నిలబడి మింగించే బోదకాలు మాత్రలున్నాయి చూశారూ, వాటిలో ఉండే డీఈసీ ఆ లెడర్లీ ల్యాబ్‌లోనే పుట్టింది. అప్పట్లో హెట్రజాన్ అని అమ్మేవారు. దోమలతో, నిలవనీటితో బతికే మా ప్రాంతానికి ఆ మాత్ర ఏమిటో నేను వేరే చెప్పక్కర్లేదు.

ఇక స్ప్రూ దగ్గరికి. ఉష్ణమండల స్ప్రూకి ఇవాళ పుస్తకాల్లో ఉన్న వైద్యం ఫోలిక్ యాసిడ్, దానితో పాటు టెట్రాసైక్లిన్. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ కూడా లెడర్లీలోనే వచ్చింది. నేలలోని సూక్ష్మజీవి నుంచి దాన్ని తీసిన వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్, విభాగం నడిపింది సుబ్బారావు. సోదరుల్ని తీసుకుపోయిన జబ్బుకి రెండు మందులూ ఆయన గొడుగు కింద నుంచే వచ్చాయి. రెండోది బయటపడ్డ 1948లోనే, ఆగస్టులో, నిద్రలోనే గుండె ఆగి ఆయన పోయారు. వయసు 53. ఫార్బర్ పేపర్ అచ్చయి అప్పటికి రెండు నెలలు.

ఇప్పుడు మన గుల్ల దగ్గరికి రావచ్చు. ఫోలిక్ యాసిడ్‌కి మూడు ముక్కలు: తలలో టెరిడిన్ జంట వలయం, నడుమ పారా అమైనో బెంజోయిక్ యాసిడ్, తోకలో గ్లుటామిక్ యాసిడ్. కణం మీదుండే గ్రాహకం తలని పట్టుకుంటుంది, తోక బయటికే ఉండిపోతుంది. కాబట్టి తోకకి దేన్ని కట్టినా తల పని తల చేసుకుంటుంది. అండాశయ క్యాన్సర్ లాంటి కొన్నిటి కణాల మీద ఈ గ్రాహకాలు మామూలు కంటే చాలా ఎక్కువ. 2007లో అమెరికాలో ఒక బృందం బొబ్బరి మొజాయిక్ వైరస్ మీద ఇదే చేసింది. బోసి వైరస్‌ని వదిలితే అది కనబడిన కణానికల్లా అంటుకుంటోంది. అందుకని ముందు పెగ్ అనే పాలిమర్ తొడిగారు, అప్పుడు ఎక్కడా అంటుకోలేదు. ఆ పోగుల చివర ఫోలిక్ యాసిడ్ పెట్టాక గ్రాహకాలున్న క్యాన్సర్ కణాల దగ్గరికే వెళ్ళింది. ఇదంతా ల్యాబ్‌లో పెంచిన కణాల మీద. ఆసుపత్రి దాకా రావడానికి ఇంకా చాలా దూరముంది. మొక్క వైరస్‌ని రక్తంలోకి వదిలితే మన రోగనిరోధక వ్యవస్థ ఊరుకుంటుందా అన్నది పెద్ద ప్రశ్న.

పార్సిల్ చేరింది సరే, విప్పేదెవరు? 2013లో జపాన్‌లో తకుజో ఐదా బృందం గ్రోఈఎల్ అనే పీపా లాంటి ప్రోటీన్లని వరసగా పేర్చి గొట్టం చేసింది. అది ఏటీపీ తగిలితే విడిపోయి లోపలి సరుకుని వదిలేస్తుంది. కణం బయట ఏటీపీ తక్కువ, లోపల ఎక్కువ. అందుకని లోపలికి వెళ్ళాకే పెట్టె తెరుచుకుంటుంది. గుమ్మం ఫోలిక్ యాసిడ్‌ది అయితే తాళంచెవి ఏటీపీది అన్నమాట. ఏటీపీ ఎంత ఖర్చయిందో లెక్క కావాలంటే, విడుదలైన ఫాస్ఫేటుని కొలవడం ఒక దారి. దానికి అమ్మోనియం మాలిబ్డేట్, కాస్త ఆమ్లం, ఒక క్షయకారిణి, కలరీమీటర్ ఉంటే చాలు. మన కెమిస్ట్రీ ల్యాబ్‌లో ఇవన్నీ ఉన్నాయి. వచ్చే సెమిస్టర్ మొదట్లో ఆ నీలిరంగు తెప్పించాలని అనుకుంటున్నా, తోడొచ్చేవాళ్ళు క్లబ్ గ్రూపులో పేరివ్వండి.