కొలతల కొలువు నుంచి నిజాం కొలువు దాకా

ఇండోర్‌లో ఎస్టిమేట్లు వేసుకునే ఉద్యోగి సరదాగా కెమెరా పట్టారు. పాతికేళ్లు తిరిగేసరికి దేశంలోనే పేరుమోసిన ఫొటోగ్రాఫర్ అయ్యారు. రాజా దీన్‌దయాళ్ జీవితంలో ఉద్యోగం వెతుక్కునేవాళ్లకు పనికొచ్చే సంగతులు చాలానే ఉన్నాయి.

రెజ్యూమే చివర్న హాబీలు అని ఓ గడి ఉంటుంది. అక్కడ మీలో చాలామంది ఫొటోగ్రఫీ అని రాసేస్తారు. చేతిలో ఫోన్ ఉంది, ఫోన్‌లో కెమెరా ఉంది, ఇంకేం కావాలి అనిపిస్తుంది. ఇంటర్వ్యూలో కూర్చున్నాయన ఇప్పటిదాకా ఏం తీశారు, ఎక్కడెక్కడ తీశారు అని అడిగితే మాత్రం నోరు పెగలదు. సెల్ఫీలు, స్నేహితుల పెళ్లిళ్లు తప్ప చెప్పుకోడానికి ఏమీ ఉండదు.

ఆ ప్రశ్నకు గట్టి జవాబు చెప్పగలిగిన మనిషి ఒకాయన ఉండేవారు. ఆయనకు ఫోన్ లేదు, ఫిల్మ్ రోలు కూడా లేదు. ఉన్నదల్లా సర్కారు ఉద్యోగం, కాస్త తీరిక, బోలెడు కుతూహలం. హైదరాబాద్ పాత ఫొటోల్లో చార్మినార్‌నో, ఫలక్‌నుమా ప్యాలెస్‌నో, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌నో మీరు చూసే ఉంటారు. వాటిలో చాలా మటుకు ఆయన తీసినవే.

సివిల్ ఇంజినీరింగ్ కుర్రాడు

దీన్‌దయాళ్ 1844లో మీరట్ దగ్గర సర్ధానాలో ఓ జైన కుటుంబంలో పుట్టారు. రూర్కీలోని థామసన్ సివిల్ ఇంజినీరింగ్ కళాశాలలో చదివి 1866లో బయటికొచ్చారు. ఇవాళ మీరు ఐఐటీ రూర్కీ అని పిలిచేది ఆ కళాశాలనే. తర్వాత ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో ఎస్టిమేటర్, డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరారు. ప్లాన్లు గీయడం, కట్టడానికి ఎంత సరుకు పడుతుంది, ఎంత ఖర్చవుతుంది అని లెక్కలు వేయడం ఆ ఉద్యోగం. మీలో సివిల్ చేసి ఏఈ నోటిఫికేషన్ కోసం కళ్లు కాయలు కాచేలా చూస్తున్నవాళ్లకు ఈ పని గురించి వేరే చెప్పక్కర్లేదు. స్థిరమైన కొలువు, నెలనెలా జీతం. ఇంట్లోవాళ్లు నిశ్చింతగా ఉండే రకం.

ఆయన కెమెరా పట్టింది 1874లో. అప్పటికి 30 ఏళ్లు. డిగ్రీ అయిన ఏడాదికే ఆలస్యమైపోయిందని బెంగపడేవాళ్లు ఈ అంకె కాస్త గుర్తుపెట్టుకోండి.

ఒక్క బొమ్మకు ఎంత పని!

అప్పటి ఫొటోగ్రఫీ ఎలా ఉండేదో తెలిస్తేనే ఆయన సరదా ఎంత బరువైనదో అర్థమవుతుంది. శుభ్రంగా తుడిచిన గాజు పలక మీద కొలోడియన్ అనే జిగురు ద్రవం పల్చగా పోయాలి. దాన్ని చీకట్లో సిల్వర్ నైట్రేట్‌లో ముంచాలి. ఆ తడి ఆరకముందే కెమెరాలో పెట్టి బొమ్మ తీయాలి, తడి ఆరకముందే కడగాలి. మొత్తం కొన్ని నిమిషాల్లో అయిపోవాలి. మధ్య భారతం ఎండల్లో ఆ తడి ఎంతసేపు నిలుస్తుంది? అందుకే ఊరు దాటి వెళ్తే కెమెరా, స్టాండు, గాజు పలకలు, రసాయనాల సీసాలతో పాటు చీకటి గుడారం కూడా మోసుకుపోవాలి. పలక పగిలితే పడ్డ కష్టమంతా పోయినట్టే.

ఇన్ని తిప్పలున్నాయి కాబట్టే షట్టర్ నొక్కే ముందు ఆలోచించేవారు. వెలుగు ఏ వైపు నుంచి వస్తోంది, గోపురం మొత్తం పడాలంటే ఎంత దూరంలో నిలబడాలి, కట్టడం ఎంత పెద్దదో చూసేవాళ్లకు తెలియాలంటే పక్కన మనిషిని ఎక్కడ నిలబెట్టాలి? ఇవన్నీ డ్రాఫ్ట్స్‌మన్ రోజూ వేసుకునే ప్రశ్నలే. ఆఫీసులో నేర్చిన కొలత కెమెరా దగ్గర అక్కరకొచ్చింది. మీ చదువుకూ మీ సరదాకూ పొంతన లేదనుకునే ముందు ఈ విషయం ఒకసారి ఆలోచించండి.

అనుకోని దారులు

ఇండోర్ మహారాజు రెండో తుకోజీరావు హోల్కర్ ఆయన పని చూసి ప్రోత్సహించారు. మధ్య భారతంలో గవర్నర్ జనరల్ ఏజెంటుగా ఉన్న సర్ హెన్రీ డేలీ కూడా వెన్నుతట్టారు. 1875-76లో వేల్స్ యువరాజు భారతదేశానికి వచ్చినప్పుడు ఆ పర్యటనను ఫొటో తీసే అవకాశం దొరికింది. కెమెరా పట్టి అప్పటికి రెండేళ్లు కూడా కాలేదు.

ఇదంతా పెద్దవాళ్ల అండ అని మీరు అనొచ్చు. నిజమే, అండ ఉంది. సంస్థానాల కాలంలో అది లేకుండా పని జరిగేది కాదు. అందరికీ అలాంటి అండ దొరకదన్నదీ నిజమే. కానీ వాళ్లు అడిగిననాటికి చూపించడానికి ఆయన దగ్గర తీసిన బొమ్మలున్నాయి. అవకాశం తలుపు తట్టాక కెమెరా ఎలా వాడాలో నేర్చుకుందామనుకుంటే ఆ యువరాజు ఓడెక్కి వెళ్లిపోయేవాడే.

డేలీ తర్వాత ఆ పదవిలోకి వచ్చిన సర్ లెపెల్ గ్రిఫిన్ 1880ల మొదట్లో బుందేల్‌ఖండ్ వైపు పర్యటనకు వెళ్తూ దీన్‌దయాళ్‌ను వెంట తీసుకెళ్లారు. గ్వాలియర్ కోట, ఖజురహో గుళ్లు, సాంచీ స్తూపం, ఓర్ఛా మహళ్లు. ఈరోజు మీకు రైలు టికెట్లు, ప్యాకేజీ టూర్లు ఉన్నాయి. ఆనాడు వీటిలో చాలా చోట్లకు వెళ్లడమే ఒక సాహసం. అలా తీసిన బొమ్మలతో మధ్య భారతంలోని ప్రసిద్ధ కట్టడాల మీద గ్రిఫిన్ రాసిన పుస్తకం 1886లో వెలువడింది. ఇండోర్ ఆఫీసులో కూర్చుని లెక్కలు వేసుకునే మనిషి చూస్తానని కలలో కూడా అనుకోని చోట్లు అవి. వాటిని ఆయనకు చూపించింది కెమెరానే.

ముందు సెలవు, తర్వాతే రాజీనామా

ఇప్పుడు అసలైన చిక్కు వచ్చింది. పేరొస్తోంది, పనులొస్తున్నాయి, ఇటు ఉద్యోగమూ ఉంది. మీరైతే ఏం చేసేవారు? నచ్చిన పని కోసం ఉద్యోగానికి ఎప్పుడు నమస్కారం పెడదామా అని మీలో కొందరు తొందరపడుతుంటారు. ఇంకొందరు ఇంట్లో మాట పడలేక ఆ ఊసే ఎత్తరు.

దీన్‌దయాళ్ మధ్యే దారి పట్టారు. 1880ల నడుమ రెండేళ్లు సెలవు పెట్టి, మొదలెట్టిన ఫొటోల వరుసను పూర్తి చేసే పనిలో పడ్డారు. ఆ సెలవులో తేల్చుకున్నాకే ఉద్యోగం వదిలి పూర్తిగా ఫొటోగ్రఫీలోకి వచ్చారు. అప్పటికి వయసు నలభై దాటింది, దాదాపు ఇరవయ్యేళ్ల సర్వీసు ఉంది. ఖరీదైన సామాను కొనుక్కుంటూ సొంతంగా నేర్చుకున్న ఆ తొలి పదేళ్లూ ఇల్లు నడిపింది జీతమే. ఉద్యోగం ఆయన కళకు అడ్డు రాలేదు, పెట్టుబడి పెట్టింది.

హైదరాబాద్ పిలుపు

ఆ రోజుల్లోనే నిజాం కొలువుకు ఫొటోగ్రాఫర్ అయ్యారు. సికింద్రాబాద్‌లో స్టూడియో తెరిచారు. తర్వాత 1896లో బొంబాయిలోనూ ఒకటి పెట్టారు. కొడుకులు జ్ఞాన్‌చంద్, ధరమ్‌చంద్ కూడా అదే పనిలోకి వచ్చారు.

ఈలోగా డ్రై ప్లేట్లు వాడుకలోకి వచ్చాయి. ముందే తయారుచేసి పెట్టుకునే గాజు పలకలివి. చీకటి గుడారం మోయక్కర్లేదు, బొమ్మ కూడా వేగంగా పడుతుంది. దాంతో ఆయన బొమ్మల్లోకి కదిలే లోకం వచ్చింది. 1886లో ఢిల్లీ దగ్గర జరిగిన సైనిక విన్యాసాలు తీశారు. హైదరాబాద్ వచ్చాక నిజాం వేటలు, విందులు, ఊరేగింపులు తీశారు. కదలని రాళ్ల దగ్గర సాధన చేసిన కన్ను, కదిలే క్షణాన్ని పట్టడం నేర్చుకుంది.

రాజభవనాల దగ్గరే ఆగిపోయారనుకోకండి. గోల్కొండ, దౌలతాబాద్, ఎల్లోరా ఆయన పలకల మీదికెక్కాయి. 1899-1900 కరువులో ఔరంగాబాద్ వైపు సాయం కోసం చేరిన బక్కచిక్కిన జనాన్ని కూడా తీశారు. అవి నిజాం సర్కారు సాయాన్ని చాటడానికి తీయించిన బొమ్మలు. అయినా అందులోని ఎముకల గూళ్లు ఇప్పటికీ మనల్ని ఊరికే వదలవు.

1892లో ఇంకో పని చేశారు. పరదా పాటించే ఇళ్లలో ఆడవాళ్లు మగ ఫొటోగ్రాఫర్ ముందుకు రారు. అది మామూలే అని ఊరుకోకుండా, హైదరాబాద్‌లో ఆడవాళ్ల కోసమే జనానా స్టూడియో తెరిచారు. చుట్టూ ఎత్తైన గోడలు, లోపల పనిచేసేదంతా ఆడవాళ్లే. నడిపింది మిసెస్ కెన్నీ లెవిక్ అనే ఇంగ్లిష్ మహిళ. కస్టమర్ ఎందుకు రావడం లేదో కనుక్కుని దారి వేయడమంటే ఇదే. బిజినెస్ చదువుతున్నవాళ్లు కేస్ స్టడీగా రాసుకోవచ్చు.

గౌరవాలు వరసగా వచ్చాయి. 1893 షికాగో ప్రపంచ ప్రదర్శనలో బహుమతి. 1894లో నిజాం నుంచి రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ బిరుదు. ముసవ్విర్ అంటే బొమ్మలు గీసేవాడు. 1897లో విక్టోరియా రాణికి ఫొటోగ్రాఫర్‌గా నియామకం.

మిగిలింది ఏమిటి?

చివరి రోజులు సుఖంగా సాగలేదు. 1904లో కొడుకు ధరమ్‌చంద్ పోయారు. మరుసటి ఏడాది, 1905 జూలై 5న దీన్‌దయాళ్ కన్నుమూశారు. 1911లో ఆరో నిజాం కూడా పోవడంతో, దర్బారు అండతో నడిచిన సంస్థ మునుపటి వెలుగు కోల్పోయింది. ఒకే పెద్ద కస్టమర్ మీద ఆధారపడితే ఏమవుతుందో కూడా ఈ కథే చెబుతుంది.

బొమ్మలు మాత్రం నిలిచాయి. నెగెటివ్‌కో నంబరు, కింద చోటు పేరు, స్టూడియోలో రిజిస్టర్లు. ఎస్టిమేటర్ అలవాటు ఎక్కడికి పోతుంది! అలా లెక్కగా దాచబట్టే తర్వాతివాళ్లకు ఏ బొమ్మ ఏదో తెలిసింది. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం ఆయన గాజు నెగెటివ్‌లు 2,857 సేకరించింది. 2006లో తపాలా శాఖ ఆయన పేరిట స్టాంపు వేసింది.

మీ ఊళ్లో ఖజురహో లేదా?

మా వేటపాలెంలో ఏముంటుంది తీయడానికి అంటారా? సారస్వత నికేతనం గ్రంథాలయం 1918 నుంచి ఉంది. పాత పత్రికలు, పుస్తకాలతో పాటు గాంధీజీ చేతికర్ర కూడా అక్కడ భద్రంగా ఉంది. మగ్గాల మీద పడుగు పోసేటప్పుడు మనుషుల చేతులు చూడండి. జీడిపప్పు ఒలిచే చోట కాసేపు నిలబడండి. చినగంజాం మండలంలోని మోటుపల్లి వెళ్తే, కాకతీయ గణపతిదేవుడు సముద్ర వర్తకులకు అభయమిస్తూ 13వ శతాబ్దంలో వేయించిన శాసనం ఉంది. బాపట్ల వాళ్లకు సూర్యలంక తీరం, రేపల్లె వాళ్లకు నిజాంపట్నం హార్బర్ పక్కనే. తెల్లారకముందు వెళ్తే వలలు లాగుతూ, చేపలు వేలం వేస్తూ వేరే లోకం కనిపిస్తుంది.

ఈ వారం నుంచే ఇలా మొదలెట్టొచ్చు:

- ఒక్క విషయం ఎంచుకోండి. మగ్గం కావచ్చు, పాత గుడి కావచ్చు, రైల్వే స్టేషన్ కావచ్చు. ఆరు నెలలు అదే తీయండి.
- ఒకసారి వెళ్తే పది ఫొటోలే తీస్తానని గీత గీసుకోండి. నొక్కే ముందు ఆలోచించడం దానంతటదే అలవాటవుతుంది.
- ప్రతి ఫొటోకు నంబరు, చోటు, తేదీ, ఒక వాక్యం వివరం రాయండి. ఫోన్ గ్యాలరీని నమ్ముకోవద్దు, వేరే చోట కాపీ పెట్టండి.
- మనుషుల్ని తీసే ముందు అడగండి. వద్దంటే కెమెరా దించేయండి. గ్రంథాలయం, గుడి లాంటి చోట్ల అనుమతి తీసుకోండి.
- ఇదే వృత్తి కావాలనుకుంటే, హైదరాబాద్‌లోని జేఎన్‌ఏఎఫ్‌ఏయూ బీఎఫ్‌ఏలో ఫొటోగ్రఫీ కోర్సు ఉంది. అంత దూరం వద్దనుకుంటే, చేస్తున్న ఉద్యోగమో చదువో వదలకుండా సాగించండి.

ఆరు నెలలయ్యాక మీ దగ్గర వంద బొమ్మలుంటాయి, వాటి వెనక వంద సంగతులుంటాయి. అప్పుడు ఇంటర్వ్యూలో ఏం తీశారని అడిగితే తడుముకోరు. ఎవరూ అడగకపోయినా నష్టం లేదు, మీ ఊరిని మీరు కొత్తగా చూసి ఉంటారు.