పక్షుల పెద్దాయన సలీం అలీ

మన హాస్టల్ డాబా ఎక్కి చూస్తే కొబ్బరి చెట్లకు పైన ఎక్కడో దూరంగా ఒక పక్షి తిరుగుతూ ఉంటుంది. ఫోటో తీసినా నల్లని మచ్చే తప్ప రంగు కనపడదు. అది గెద్దా? గరుడ పక్షా? అప్పుడు తోక చూడాలి. చీలినట్లుంటే గెద్ద, గుండ్రంగా ఉంటే గరుడ పక్షి. ఇలా పక్షిని చూసి గుర్తుపట్టడం మన దేశంలో ఎందరికో నేర్పిన మహనీయుడు సలీం అలీ.

ఆయన 1896 నవంబర్ 12న బొంబాయిలో జన్మించారు. పసితనంలోనే తల్లిదండ్రులను పోగొట్టుకుని మేనమామ ఇంట పెరిగారు. ఒకనాడు ఎయిర్‌గన్‌తో కొట్టిన పిచ్చుక గొంతు మీద పసుపు మచ్చ కనిపించింది. అదేమిటో అడగడానికి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి వెళ్ళారు. కార్యదర్శి మిల్లార్డ్ దాని పేరు చెప్పి, అక్కడ భద్రపరచిన పక్షులన్నీ చూపించారు. ఆ రోజుతో ఆయన జీవితం మలుపు తిరిగింది.

యూనివర్సిటీ డిగ్రీ లేదని కోరుకున్న ఉద్యోగం ఇవ్వలేదు. అయినా కుంగిపోక జర్మనీ వెళ్ళి స్ట్రెస్‌మన్ వద్ద పక్షిశాస్త్రం నేర్చుకున్నారు. 1931లో హైదరాబాద్ సంస్థానంలో పక్షుల సర్వే మొదలుపెట్టారు. 1941లో సామాన్యులకు సైతం పనికివచ్చేలా ‘ద బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్’ రాశారు. 1958లో పద్మభూషణ్, 1976లో పద్మవిభూషణ్ అందుకున్నారు. 1987లో కన్నుమూశారు.

మిత్రులారా! అమ్మానాన్నలకు దూరంగా చదువుకుంటున్నామని దిగులు పడవద్దు. తెలియనిది కనిపిస్తే సిగ్గుపడక, ఇదేమిటని అడుగుదాం. సలీం అలీ గారు ఎదిగింది ఆ ఒక్క ప్రశ్నతోనే.